ఒంటిచేతి రోజు

రెండో ఏడాది, ఆక్యుపేషనల్ థెరపీ.
మన్సీయా మేడం తలా ఒక గుడ్డపట్టీ పంచి
"రేపు లేచింది మొదలు పడుకునేదాకా
వాటమైన చెయ్యి కట్టేసుకోండి,
ఏమైందో రాసుకు రండి" అంది.
పదహారు మార్కులు. ఇంత తేలికా అనుకున్నాం.

ఆరూ నలభై: పేస్టు మూత పళ్ళతో తీశాను.
ఏడు: రొట్టెకి వెన్న రాయబోతే
కంచమంతా రొట్టె పరుగు, దాని వెనకాల కత్తి.
ఏడుంబావు: బూటు లేసులు. తమ్ముడు దాంకోని పిలిచాను.
ముడి వేస్తూ వాడు అడిగాడు,
"రోజంతా నిన్ను నేనే మొయ్యాలా?"
రిపోర్టులో ఆ మాట రాయలేదు.

గాలి రోజుల్లో మా పుంతా అరేనాస్‌లో
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు, జనం పట్టుకు నడవడానికి.
వెళ్ళేప్పుడు తాడు ఎడమవైపు. బాగానే ఉంది.
వచ్చేప్పుడు అదే తాడు కుడివైపు.
స్తంభాన్ని కావలించుకుని నిలబడ్డాను,
జలసంధి మీంచి వచ్చిన గాలి
నా టోపీని ఎత్తుకుపోతుంటే చూస్తూ.

మధ్యాహ్నం మూడో అంతస్తు టాయిలెట్లో
గడియ వేసుకుని పట్టీ విప్పేశాను.
నాలుగు నిమిషాలు.
వేళ్ళు ఊరికే కదిపాను, అంతే.

చేతకాదు అనే మాటలో చెయ్యి ఉందని
ఇన్నేళ్ళూ వినపడలేదు నాకు.

మరుసటి వారం పునరావాస కేంద్రం.
దోన్ ఎలెవుతేరియో బర్రీయా, అరవై ఎనిమిది,
నలభై ఏళ్ళు పీతల పడవ,
ఏప్రిల్‌లో పక్షవాతం, కుడివైపు.
చొక్కా గుండీలు ఆ రోజు మా ఇద్దరి పాఠం.
"మీ కష్టం నాకు తెలుసు" అన్నాను,
సరిగ్గా పుస్తకం అనొద్దన్న మాటే.
పట్టీ సంగతంతా చెప్పాను.
"ఎప్పుడు విప్పావు?"
"రాత్రి పదింటికి."
చూస్తూనే ఉన్నాడు.
"మధ్యలో ఒకసారి. నాలుగు నిమిషాలు."
సగం మొహంతో నవ్వాడు, ఆ సగమే బోలెడు.

జేబులోంచి తాడుముక్క తీశాడు.
ఎడమచేత్తో, పంటితో, మోకాలితో
పడవ ముడి ఒకటి బిగించి నా ఒళ్ళో పడేశాడు.
అలలప్పుడు కుడిచెయ్యి ఎప్పుడూ కడ్డీదే కదా,
మిగిలినదానితోనే పనంతా, అన్నాడు.
మా సిలబస్‌లో ఎక్కడా లేదు ఆ ముడి.
మూడుసార్లు చూపించాడు. నాకు రాలేదు.

తర్వాత గుండీలు. పదకొండు నిమిషాలు.
ఒకటి, రెండు, తప్పు కాజాలోకి మూడు,
అక్కణ్ణించి చొక్కా మొత్తం ఒక పక్కకి వాలి
కింద ఒక గుండీ ఎవరికీ చెందకుండా మిగిలింది.
దాన్ని వేలితో తడిమి, ఊరుకుని,
కోటు అందుకున్నాడు.
బయట గాలి తలుపు బాదుతోంది.

నా చేతులు ముందుకి ఉరికాయి.
వెనక్కి లాక్కుని,
వీపు వెనక ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాను,
ఈసారి రెండూ.