సీసా మీద పేరు

తెల్లారుజాము నాలుగున్నరకి
యనమదుర్రు డ్రైను వాసన ముక్కుకి తగిలి, వెనకబడిందంటే
భీమవరం దాటేశానని లెక్క.
డిక్కీలో పన్నెండు ఖాళీ సీసాలు,
గతుకు గతుక్కీ ఒకదాన్నొకటి పలకరించుకుంటూ.
కాళ్ళ దాకా తారు రోడ్డు,
ఆ తర్వాత చెరువు గట్టు.
అటు నీళ్ళు, ఇటు నీళ్ళు,
మధ్యలో నేనూ, ఏడేళ్ళ పాత స్కూటరూ.

నాకు ఇరవై.
లైసెన్సు వచ్చి పద్నాలుగు నెలలు.
ఈ పద్నాలుగు నెలల్లో నా బండి తగిలింది
ఒక్క కొంగకి.
అదీ తప్పు దానిదే.

ఇన్సూరెన్సు గడువు అయిపోతోందని
ఆదివారం ప్రార్థన అవగానే
ఏజెంటు పతిరాజు గారి షాపుకెళ్ళాను.
షాపంటే, ఒక జిరాక్సు మిషనూ ఆయనా.
బండి చూశారు, నన్ను చూశారు,
మళ్ళీ బండి వైపు చూళ్ళేదు.
"పేరు?"
"కెజియా అండి." రెండుసార్లు చెప్పించుకున్నారు.
"నడిపేదెవరమ్మా, అన్నయ్యా?"
"నేనేనండి."
"వయసు?"
చెప్పాను.
కాలిక్యులేటరు మీద ఆయన వేలు
వేడి పెనం మీద నీటిబొట్టులా గెంతింది.
మూడువేల రెండొందలు.

మా ల్యాబు వాచ్‌మన్ సత్తెయ్య గారిది
ఇదే మోడలు, ఇదే సంవత్సరం, రంగు కూడా ఇదే,
పద్నాలుగొందల ఎనభై కట్టారు కదండీ అన్నాను.
"ఆయ్, ఆయన పెద్దమనిషి కదమ్మా.
ఈ వయసు పిల్లలు పడతారు.
పడితే చూసుకోవాల్సింది మేం కదా."

పాలకొల్లులో ఇంకొకాయన రెండువేల ఏడొందలన్నాడు,
టార్చిలైటు ఫ్రీ.
ఫోన్లో అయితే
పుట్టిన తేదీ కొట్టేదాకా ఒక రేటు, కొట్టాక ఇంకో రేటు.
సరదాకి సంవత్సరం పదేళ్ళు వెనక్కి జరిపి చూశాను.
తగ్గింది.
మా అమ్మ తన పదో యేట నన్ను కనుంటే
నాకు ఎనిమిదొందలు మిగిలేవి.

పతిరాజు గారికి చెబుదామనుకుని చెప్పలేదు గానీ,
మా ల్యాబులో
చెరువు నాలుగు మూలలా, నడిమధ్యా
మోచేతి లోతున ముంచి నీళ్ళు తీస్తాం.
ఉప్పు చూస్తాం, అమ్మోనియా చూస్తాం.
పక్క చెరువుకి తెల్లమచ్చ వచ్చిందని
ఈ చెరువుకి చావు చీటీ రాసెయ్యం.

వస్తుంది, నిజమే.
కాకి ముక్కున పట్టుకెళ్ళి జారవిడిచిన
ఒక్క చచ్చిన రొయ్యతో కూడా వస్తుంది.
నా క్లాసు కుర్రాడు సీలాసు
ఇప్పటికీ ఎడమ చెయ్యి పైకెత్తలేడు.
ఉండి వంతెన దగ్గర, రాత్రి, ముగ్గురెక్కిన బండి.
అలాంటివాళ్ళు లేరని నేననను.
సీసా ముంచి చూడండంటాను, అంతే.
నా పద్నాలుగు నెలల్ని
ఎవరూ ముంచి చూళ్ళేదు.

చివరికి దారి కూడా ఆయనే చెప్పారు, గొంతు తగ్గించి:
"ఇంట్లో పెద్దవాళ్ళెవరి పేరుకైనా బండి మార్పించెయ్యమ్మా."

మా యోబు బాబాయికి నలభై ఆరు.
సైకిలు తప్ప ఇంకోటి ఎరగడు.
స్కూటరు స్టాండు తియ్యమంటే
దూడని విప్పబోతున్నట్టు చుట్టూ తిరుగుతాడు.
ఆయన పేరు మీదైతే పదిహేనొందల ఇరవై.
నడపడం రానివాడు నెమ్మదస్తుడట.

సంతకం పెట్టాడు. పెట్టి,
"నాకేమన్నా అయితే డబ్బులొస్తాయా?" అన్నాడు.
"నీకేమవుతుంది బాబాయ్, నువ్వు ఎక్కవుగా" అన్నాను.
ఇద్దరం నవ్వాం.
అమ్మ నవ్వలేదు.

ఇవాళ ఏడో నంబరు చెరువు గట్టు
రాత్రి వానకి జారుడుగా ఉంది.
దిగి, బండిని నడిపించుకుంటూ వెళ్ళాను.
ఇలా దిగినవి ఎన్నిసార్లో
ఏ కొటేషన్ కాగితంలోనూ ఉండదు.

సీసా నింపి, మూత బిగించి,
తడి చేత్తోనే చీటీ రాశాను:
రైతు పేరు, చెరువు నంబరు, టైము.
మా సారు మొదటిరోజే చెప్పారు,
నీళ్ళు ఒకరివీ పేరు ఇంకొకరిదీ అయిందంటే
ఉద్యోగం ఆ రోజుతో సరి అని.

డిక్కీ తెరిచాను.
సీసాల పక్కన
ప్లాస్టిక్ కవర్లో, తడవకుండా,
యోబు బాబాయి పేరు.