వెయ్యిలో ఒకటి

పలాస కోర్టులో ఫ్యాను
గాలి ఇవ్వకుండా చప్పుడే ఇస్తోంది.
ప్రమాణం చేసి నిలబడ్డాను.
సీలు కవరులో సగం వేలిముద్ర,
బీరువా పిడి మీద దొరికింది.

తామాడ దాలమ్మది కావచ్చు.
పదిహేనేళ్లుగా జీడితొక్క రసం
ఆమె వేళ్ల గీతలు తాగేసింది,
చూపుడువేలికి ఓ ఐదు మలుపులు మిగిల్చి.

"పోలిక ఉంది," అన్నాను.
"ఇంతమాత్రం పోలిక
వెయ్యి మందిలో ఒకరికి ఊరికే కూడా కలవొచ్చు."

పీపీ గారి మొహం వెలిగింది.
"అంటే ఈమె కాకపోయే అవకాశం
వెయ్యిలో ఒకటే!"

కాదండీ.
నా మాటని చొక్కాలా తిరగేసి తొడుక్కున్నారు.
ఊళ్లో అరవై వేల మంది ఉంటే
ఈ ముద్రకి సరిపోయేవాళ్లు అరవై మంది ఉండొచ్చు,
ఈ హాల్లో బల్లలు చాలవు వాళ్లకి.

"అవునో కాదో చెప్పండి," అన్నారు జడ్జిగారు,
విసుగ్గా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.
నా దగ్గర ఆ రెండు మాటలూ లేవు.
ముల్లు ఎటు, ఎంత వంగిందో
అంతే తెలుసు.

బోనులోంచి దాలమ్మ:
"గుండుపప్పు ఒకటి సేతిలో ఎట్టి
ఏ తోటదో సెప్పమంటే ఎవులు సెప్తారు బాబూ?
ఉద్దానం నిండా అదే పప్పు కదేటి!"

టైపిస్టు ఆ మాట కొట్టలేదు.
నా సాక్ష్యమంతా కలిపి
"సరిపోయింది" అని కొట్టాడు.
దిద్దమన్నాను. దిద్దాడు.

సాయంత్రం వాయిదా కాగితం మీద
ఆమె బొటనవేలు ఒత్తించారు.
అలవాటు కొద్దీ వంగి చూశాను.
గీత ఒక్కటీ లేదు.
జీడిగింజంత
నల్లటి సిరా.