ఎగ్మూరు దుబాసీ

సాక్షి తెలుగులో చెబుతుంది, నేను ఇంగ్లీషులో అంటాను.
అంతే నా ఉద్యోగం.
ఆ పొద్దు బోను అంచు మీద తడిచెయ్యి ఆనించి
నిలబడింది పెంచలమ్మ.
కార్పొరేషన్ చీపురు, ముప్ఫై ఏళ్ల సర్వీసు,
పుళియాంతోపు రెండో సందు.

పోలీసు కాగితంలో ఆ గొడవ పేరు వర్డీ క్వారల్.
నీళ్ల లారీ దగ్గర, తెల్లవారి అయిదుంబావుకి,
బిందెల వరస తప్పిన చోట
మాటలతో కూడిన తగవు జరిగినది, అని.

మాటల్లేని తగవు కూడా ఒకటుంటుందని
ఆ రైటరుకి ఎవరు చెప్పారో.

"ఏం జరిగిందమ్మా?"
"మాటా మాటా పెరిగింది సార్."
పెరుగుతుంది మరి, గుమ్మడి తీగలాగా,
ఎవరూ నీళ్లు పొయ్యకుండానే.
నేను ఆల్టర్కేషన్ అన్నాను.
టైపిస్టు వేళ్లు ఆపి స్పెల్లింగు అడిగింది.
అక్షరం అక్షరం చెబుతుంటే
లారీ వెళ్లిపోయింది, బిందెలు వెళ్లిపోయాయి,
ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న పదం ఒక్కటీ
కాగితం మీద మిగిలింది.

ఇంగ్లీషులో పోట్లాటకి బట్టలెక్కువ.
డిస్ప్యూట్‌ది నల్లకోటు.
డిఫరెన్స్ ఆఫ్ ఒపీనియన్ కాలు మీద కాలేసుకుని
కాఫీ చల్లారేదాకా కూచుంటుంది.
విత్ డ్యూ రెస్పెక్ట్ అని ప్లీడరు మొదలుపెట్టాడా,
రెస్పెక్టు అక్కడితో సరి.

"తిట్టుకున్నాం," అంది పెంచలమ్మ.
"జుట్లూ పట్టుకున్నాం, అబద్ధమెందుకు."
షీ అబ్యూజ్డ్ మీ, అన్నాను.
తప్పు. వెంటనే దిద్దాను: ఈచ్ అదర్.
అదీ కాదు.
ఆ చివర 'కున్నాం' ఉంది చూశారూ,
పంచుకున్నాం, కలుసుకున్నాం,
వాటికీ ఆ తోకే.
తిట్టు ఇద్దరి మధ్యా ఒలికిన బిందె,
ఇద్దరి కాళ్లూ తడుస్తాయి అందులో.
మా కాగితం మాత్రం మధ్యలో వర్సస్ అని గోడ కట్టి
అటొకర్నీ ఇటొకర్నీ ఆరబెట్టింది.

మేజిస్ట్రేటమ్మ కళ్లద్దాలు తీసి
కాంప్రమైజ్‌కి ఇష్టమేనా అడగమంది.
"రాజీ పడతావా?" అన్నాను.
పెంచలమ్మ వెనక బెంచీ కేసి చూసింది.
ముద్దాయి వెంగమ్మ ఒళ్లో
రెండు టిఫిన్ డబ్బాలున్నాయి.
"మాట్లాడుకోడం మానితే గదా సార్ రాజీ.
ఆయమ్మ ఈ పొద్దు నాక్కూడా అన్నం కట్టుకొచ్చింది.
కొట్లాట ఇంకా తేల్లేదు,
రేపు లారీ కాడ చూసుకుంటాం."

సగం కోర్టుకి తెలుగొచ్చు.
నేను తర్జుమా చెయ్యకముందే నవ్వారు.
నాకే రాలేదు నవ్వు.

పదకొండేళ్ల కింద, అమ్మ పన్నెండో రోజున,
మా చెల్లెలు రాజ్యం
ఆస్పత్రి బిల్లు గురించి ఒక మాట అడిగింది,
గట్టిగా, పదిమందిలో.
నేను గొంతు తగ్గించి
అయామ్ నాట్ ఆర్గ్యూయింగ్ విత్ యూ, అన్నాను.
ఎనిమిదో క్లాసుతో బడి మానేసిన మనిషితో,
నా చదువుకి ఫీజు కట్టడానికే మానేసిన మనిషితో,
ఇంగ్లీషులో.
తిట్టినా బావుండేది. తిడితే తిరిగి తిట్టేది.
నోరు తెరిచి, మూసుకుని,
చెప్పులేసుకుంది.

నాట్ ఆన్ టాకింగ్ టర్మ్స్ అంటారు దీన్ని.
మా మధ్య టర్ములేం లేవు.
మాటల్లేవు, అంతే.

ఎగ్మూరులో ఆరుంబావు లోకలెక్కాను.
నంబరు మారలేదు.
"ఎవరూ?" అంది, గుర్తుపట్టిన గొంతుతో.
"ఆ బిల్లు సంగతిలో నువ్వన్నది తప్పు," అన్నాను.
నుంగంబాకం దాకా చప్పుడు లేదు.
తర్వాత మొదలెట్టింది.

మాంబళంలో దిగాలి నేను.
సైదాపేట దాటింది. గిండీ దాటింది.
అది ఆగదు, నేనూ ఊరుకోను.
పక్క సీటాయన నా మొహం చూసి
సండయా సార్, అని అడిగాడు తమిళంలో.
ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి
అవునన్నాను,
కాస్త గర్వంగానే.