స్టేజీ కాని చోట

ఇరవై రెండేండ్లు కూసునే తిరిగిన.
హన్మకొండ నుంచి ఏటూరునాగారం,
ఏటూరునాగారం నుంచి హన్మకొండ.
లెక్కగడితే భూమిని ఎన్ని సుట్లు సుట్టిన్నో,
నడిచింది మాత్రం
సీటు కాడికెల్లి చాయ్ కొట్టు దాకనే.

నిరుడు డిపోల పరీక్షలు చేసినప్పుడు
డాక్టరమ్మ కాగితం మీదికెల్లి తలెత్తకుంటనే అడిగింది:
"ఆఖరుసారి ఎప్పుడు ఉరికినవ్?"
యాది చేసుకున్న.
ఏడో తరగతిల, బర్రె తప్పిపోయిన దినం.

బిడ్డ కొనిచ్చిన బూట్లు
మూడు నెలలు డబ్బలనే పండుకున్నయి.
"వాటికింక ఎన్ని దినాలు లీవుంది నాయినా?"
అని అఖిల ఎత్తిపొడుపు.

ఇయ్యాల నాకు ఆఫ్. నాలుగున్నరకే లేసిన.
ఆరెపల్లి ఇంకా నిద్రల ఉంది.
మిర్చి లారీ ఒకటి ఎనుమాముల దిక్కు పోయింది,
దాని ఘాటు మాత్రం పోలే.
తుమ్మి, మొదలుపెట్టిన.

ముందుగాల సిగ్గైంది.
పాలపాకెట్ల పిలగాడు చూస్తుండని
జేబులకెల్లి ఫోన్ తీసి
ఎవలతోనో మాట్లాడినట్టు చేసిన.
వాడు మలుపు తిరిగినంక మళ్ళ ఉరుకుడు.

పాలబూతు నుంచి కల్వర్టు:
బస్సుల అయితే ఒక్క దగ్గు దగ్గేంత దూరం.
ఈడ రోడ్డు ఎత్తు ఎక్కుతదని
ఇన్నేండ్లు ఇంజిన్‌కు తెలుసు, నాకు తెల్వది.
ఎడమకాలు క్లచ్చి తొక్కి తొక్కి మొండిది,
కుడిది దాని మాట వినది.
నడుమ నేను
మట్టి అంచుకు గుంజుకపోతున్న.
నాలుక అంగిటికి అతుక్కుంది.
గుండె చెవులల్లకొచ్చి కూసుంది.

అప్పుడు ఎనకకెల్లి ఎలుగు పడ్డది.
నా నీడ నాకన్న ముందే లేసి
కల్వర్టు దాటిపోయింది.
ఫస్ట్ ట్రిప్పు. ఐదు పది.
బ్రేకు సప్పుడు, తలుపుల స్వరూప తలకాయ:
"ఉరుకన్నా ఉరుకు, ఆపినం!"

స్టేజీ కాదు, ఏం కాదు. ఆపిన్రు.

జాకారం కాడ పుస్తకాల సంచి ఎదకు అదుముకున్న పిల్ల,
మల్లంపల్లిల గంప మీద చెయ్యేసుకోని ముసలమ్మ,
పస్రాల ఒక్క చెప్పుతోని ఒకాయన,
ఎడమ అద్దంల ఎంతమందిని చూసిన్నో.
టైమైతందనుకుంట గేరు మార్చేది.
వాళ్ళు చిటికెన ఏలంత అయ్యేది,
ఆనెంక మలుపు.
అద్దంల ఉరికేటోళ్ళకు సప్పుడుండది.
ఇంత సప్పుడుంటదని,
ఈ దమ్ము, ఈ అడుగులు,
జేబుల తాళాలు సుత మొత్తుకుంటయని
నాకెవలు చెప్పిన్రు?

పోండ్రని చెయ్యూపిన.
స్వరూపకు సమజ్ కాలే.
"టికెట్ అడగ తియ్యన్నా!" అని నవ్వింది.
నవ్వుదామంటే నాకు గాలి సాలలే.
బస్సు కదిలింది.
కొత్త డ్రైవర్ పిలగాని అద్దంల
నేను గుడ చిన్నగైతుండొచ్చు.

కల్వర్టు దాక పోయిన.
ఎట్ల పోయిన్నో అడగొద్దు.
గోడ మీద కూలబడి, బూట్ల తాళ్ళు వదులు చేసుకుంట,
అప్పుడు యాదికొచ్చింది.
తిరుగు ట్రిప్పు సంగతే మర్చిపోయిన.