ఏ ఊరి నీళ్లు

పేరు అడగలేదు, ఎత్తు చూడలేదు.
"ఏ ఊరి నీళ్లు తాగి పెరిగినవ్?" అన్నది.
మర్రిగూడ పక్క, అని చెప్పిన.
పండ్లు చూపించుమన్నది.
ఎడ్ల అంగట్ల బేరం లెక్కున్నదే అనుకున్న.
అప్పుడు తను నవ్వింది:
ఆ పండ్ల మీద గూడ అవే గోధుమరంగు చారలు.

సైదమ్మ మేడం.
నల్లగొండ ఆడపిల్లల కాలేజీల పీడీ,
పద్దెనిమిదేండ్ల సంది కాంట్రాక్టు.
జూన్‌ల ఉద్యోగం ఉంటది, ఏప్రిల్‌ల పోతది.
జీతం లేని మే నెలల గూడ
కోర్టు మీద ఆమె చీపురు చప్పుడు వినపడేది.

ఆమె ఆడిన ఆట చెప్పుమంటే ఒక్క గుక్కల చెప్పేది:
జిల్లా, ఉస్మానియా, రెండుసార్లు స్టేట్.
రైల్వే సెలక్షన్ల పొద్దున
ఎడమ మోకాలు పక్కకు తిరిగింది.
"ఎండిన జొన్నకర్ర ఇరిగినట్టు సప్పుడైంది, అంతే."
ఆ అంతే తర్వాత ఏమున్నదో
మాల ఎవ్వరం అడగలే.

మా సిమెంటు కోర్టు మూడు జాగల పగిలింది.
ఒక రింగుకు వల లేకుండె.
సాగర్ పోయి చేపలోళ్ల దగ్గర
పాత వల ముక్క అడుక్కొచ్చింది,
కత్తిరించి, ముడులేసి, నిచ్చెనెక్కి తనే కట్టింది.
నెల దినాలు, బంతి పడ్డప్పుడల్లా
ఇంత చేపల వాసన.
"వల లేకుంటే పడ్డట్టు చెవికెట్ల ఎరుకైతది?"

నాది పదిహేనో నంబరు. అంటే బెంచీ.
పొట్టిదాన్ని, ఉరుకుడు తక్కువ, లెక్క పక్కా.
అందుకే స్కోరు బుక్కు నా చేతుల పెట్టింది.

ఖమ్మంల ఫైనల్.
టేబుల్ కాడ రాసే మనిషి రాలేదని
నన్ను కూసోబెట్టిన్రు.
ఆఖరి రెండు నిమిషాలు.
కోదాడ పిల్ల మూలకెల్లి ఏసిన బంతి పడ్డది.
నేను చూసిన. పెన్ను కదలలే.
ఎందుకంటే ఇప్పటికీ చెప్పలేను.
విజిల్. మాయి యాభై ఒకటి, వాళ్లయి యాభై.
మావోళ్లు ఎగురుతున్నరు.

మేడం కుంటుకుంట వచ్చి
బుక్కు తిప్పి వేలు పెట్టింది.
"ఈడ రెండు రాలే. వాళ్లయి యాభై రెండు."
దిద్దుడు రెఫరీకే ఇష్టం లేదు.
దిద్దించింది.

బస్సుల ఒక్కరు మాట్లాడలే.
సూర్యాపేటల దిగి మిర్చి బజ్జీలు కొన్నది,
అందరికీ మూడు, నాకు ఐదు.
"ఇవి ఆ రెండు," అన్నది.

ఆ రాత్రి ఊరి బస్సు దొరకనోళ్లం ముగ్గురం
ఆమె ఇంట్లనే పండుకున్నం.
పొద్దుగాల చూస్తే
అక్కను కడప ముందట కూసోబెట్టి జడేస్తున్నది.
అక్క చేతులు భుజాల దాక లేవయి.
మెడ తిరగదు. మనిషి మనిషంత తిరిగి చూసి
"గెలిచిన్రా బిడ్డా?" అన్నది.
మేడం పండ్ల నడుమ పిన్ను.
"ఒక్క పాయింటే అక్కా," అన్న నేను.
ఎటు దిక్కో చెప్పలే.

ఆ సాయంత్రం గూడ రోజూ వినే అరుపే:
"చేతులు పైకి! ఇంకా పైకి!
దాసుకునేటందుకా ఇచ్చింది దేవుడు?"
బెంచీ మీదున్న నేను గూడ ఎత్తిన.
ఎవరన్నా చూస్తే నవ్వుదురు.

ఇప్పుడు దేవరకొండ డిపోల కండక్టర్ని.
పొద్దంతా ఒక చెయ్యి పై రాడ్డు మీదనే.
మొన్న మల్లేపల్లి కాడ ఎక్కింది,
బంతుల సంచి, మోకాలికి నల్ల పట్టీ,
ఎనక పిల్లల మంద.
"పదమూడు జీరో టికెట్లు."
కొట్టిచ్చిన. లెక్కపెట్టింది.
నా మొఖం చూసి మళ్లా లెక్కపెట్టింది.
"సరిపోయినయ్."

దిగేటప్పుడు అడిగిన,
పర్మనెంటైందా మేడం, అని.
"జూన్‌ల చెప్తరంట."
మంచి కాలు ముందు, నొప్పి కాలు ఎనక,
రోడ్డు మీదికి దిగింది.

ఆఖరి పిల్ల దిగిందాక
నేను విజిల్ ఊదలే.
పదమూడు. లెక్కపెట్టిన.