తాలుకాయ

పొద్దుటి నుంచి మిరపకాయల ముచ్చికలు తీసిన చేతులివి.
కొబ్బరినూనె రాసి, సున్నిపిండితో రుద్ది,
పుల్లమజ్జిగలో ముంచి కూర్చున్నా
గోళ్ల సందుల్లో ఒక నిప్పు మిగిలే ఉంటుంది.
ఈ చేత్తో ముద్ద కలిపి పెడితే
దీవెన పెదాలు ఉబ్బుతాయి.
ఒకసారి ఉబ్బాయి కూడా.
అప్పట్నుంచి మా ఇంట్లో
అమ్మ చేతి ముద్దంటే భయం,
స్టీలు చెంచా అంటే అలక.

అంగన్‌వాడీ టీచరమ్మ దాని కింది రెప్ప లాగి చూసింది.
"పాలిపోయింది సుగుణా, రక్తం తక్కువ.
ఆకుకూర పెట్టు, గుడ్డు పెట్టు" అంది.
పెట్టడానికేం, పెడతాను.
తినాలిగా!

తోటకూర పప్పు పెడితే
పప్పు తింటుంది.
ఆకు ఆకునీ వేలితో జరిపి
కంచం అంచున వరస పెడుతుంది.
దోసెపిండిలో మునగాకు రుబ్బి కలిపితే
దోసెని వెలుతురుకి ఎత్తి చూసింది,
చీర కొనేటప్పుడు మా అత్త చూసినట్టు.
"పచ్చగా ఉందేంటి?"
చిలక దోసె అన్నాను.
"అయితే చిలకకే పెట్టు" అంది.

సంగడిగుంట సందు చివర కొట్లో
ఐదు రూపాయల చిప్స్ పొట్లాలు వేలాడుతుంటాయి.
వాటిలో మాత్రం దానికే వంకా కనపడదు,
లోపలి గాలిక్కూడా డబ్బులిచ్చి తింటుంది.

తిట్టాను. బూచోడికి పట్టిస్తానన్నాను.
ఒకరోజు వీపు మీద ఒక్కటేశాను.
ఏడ్చేటప్పుడైనా నోరు తెరుస్తుందనుకున్నా,
ముక్కుతో ఏడ్చింది.

ఆ రాత్రి కంచం కడగబోతూ ఆగాను.
అంచున అది పేర్చినవి,
కాడలన్నీ ఒక పక్క, ఆకులన్నీ ఒక పక్క,
మధ్యలో బొటనవేలంత సందు.
యార్డు షెడ్డులో నేను కూర్చునే తీరు అదే.
ఎర్రకాయ ఇటు, తాలుకాయ అటు.
కన్ను కాదు, వేలే చూస్తుంది.
రెండు వేసవులు దాన్ని వెంట తీసుకెళ్లి
టిక్కీల నీడలో కూర్చోబెట్టుకున్నాను కదా,
ఏరడం ఎక్కడ నేర్చిందని
ఇంకెవర్నో అడుగుతానేం,
పిచ్చిదాన్ని!

మర్నాడు రెండు కట్టల తోటకూర
గోనెపట్టా మీద గుమ్మరించాను.
"దీవెనమ్మగారూ, కొత్త లాటు దిగింది,
గ్రేడింగు చేసిపెట్టాలి."
అది మఠం వేసుకుని కూర్చుంది.
పురుగు కొట్టిన ఆకు, తాలు.
పండిపోయిన ఆకు, తాలు.
లేత కాడ, తేజ రకం.
నా చెయ్యి పడబోతే
"నువ్వు కలిపేస్తావు, ఉండు" అని గదిమింది.

వెల్లుల్లి దంచి వేసి వేపాను.
సాయంత్రానికి కొనేది కూడా తనే,
వాళ్ల నాన్న పాత తువ్వాలు భుజాన వేసుకుని.
"సరుకెట్టా ఉంది షావుకారూ?"
"చూశాగా, బానే ఉంది."
"చూస్తే తెలుస్తుందా?
కాయ విరిచి నాలిక మీద పెట్టుకోవాలి.
ఊరికే చూసి కొన్నోడు మునిగిపోతాడు."

అది ఆలోచించింది.
ఒక్క కాడ, మెతుకంత,
నాలిక చివర పెట్టుకుని కళ్లు మూసుకుంది.
వీధిలో ఎవరిదో బండి
ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోవడం లేదు.
నేను ఊపిరి బిగబట్టుకున్నాను.

"తేమ ఎక్కువుంది" అంది చివరికి.
"ధర తగ్గించు."
పది ముద్దలన్నాను. రెండంది.
తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరం పట్టుకుని
పెద్దవాళ్లలా బేరమాడాం.
నా వేళ్ల మంట దానికి తగిలే ఉంటుంది,
చెయ్యి మాత్రం లాక్కోలేదు.
నాలుక్కి తెగింది.

నాలుగూ తనే కలుపుకుంది, తన చేత్తోనే,
సగం గౌను మీద పోసుకుంటూ.
ఐదోది తెచ్చి నా నోట్లో కుక్కింది,
"ఇంద, కూలి" అంటూ.
ఉప్పు తక్కువైందని అప్పుడు తెలిసింది నాకు.
పాపం, అది చెప్పనే లేదు.

శనివారం మళ్లీ
కంచం అంచున ఆకుల వరస.
"ఇదేంటే?"
"ఇవాళ యార్డుకి సెలవు" అని
పెదాలు బిగించేసింది.
నిజమే, శనాదివారాలు సెలవు.
ఏమనను?

సోమవారం లాటుకని
పొన్నగంటికూర తడిగుడ్డలో చుట్టి
కుండ మూత మీద పెట్టాను.