తడి వేలు

మధురవాడ కొండ మీద, ఏసీ గదిలో,
పొడి వేళ్ళతో గీసిన బటన్ అది.
దాని మూలలు గుండ్రం చెయ్యడానికే రెండు రోజులు పట్టింది.
ఏ నీలం వెయ్యాలా అని
ముగ్గురం గంటసేపు వాదించుకున్నాం.
కిటికీలో సముద్రం ఉంది.
ఎవరూ దాన్ని అడగలేదు.

తెల్లవారుజాము నాలుగున్నర, ఫిషింగ్ హార్బర్.
ఐసు దంచుతున్న చప్పుడు, డీజిల్ వాసన.
గరికిన దేవుడమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుని
నా ఫోన్ అందుకుంది.
పండుగప్ప పొలుసొకటి తెరకి అంటుకుంది.
నొక్కింది. పలకలేదు.
మళ్ళీ నొక్కింది. రెండుసార్లు పలికింది.
పద్దెనిమిది కిలోల కోనాం
ముప్పై ఆరైపోయింది.

"నానేటి తప్పు సేసినానమ్మా?"

ఆ మాటే. ఈ పనిలో పడ్డాక
నా నిద్ర చెడగొట్టింది ఆ ఒక్క మాటే.
లెక్క సరిచేద్దామని తొలగించబోతే
నిలువెత్తున ఒక పెట్టె లేచింది:
"ఈ నమోదును శాశ్వతముగా తొలగించుటకు
మీరు నిశ్చయించుకొనినారా?"
నాచేతే చదివించుకుని, నన్నే చూసింది.
"ఎవులమ్మా ఈడు?
కోర్టు బంట్రోతునాగ మాటాడతన్నాడు."

నేనే దేవుడమ్మా. ఆ బంట్రోతుని నేనే.

అప్పట్నుంచీ నాకు కొన్ని మొండి నమ్మకాలు.
"నిజంగానా?" అని మనిషిని నిలదీయకూడదు.
చెయ్యనివ్వాలి; పొరపాటైతే వెనక్కి ఇచ్చెయ్యాలి.
పూర్ణా మార్కెట్లో గాజులావిడ
చేతికి తొడిగి చూపిస్తుంది, వద్దంటే తీసేస్తుంది,
ప్రమాణం చేయించుకోదు కదా.

ఒకదాని కింద ఒకటి మూడు గీతలు చూసి
"నిచ్చెనా?" అంది దేవుడమ్మ.
మెనూ అన్నాను.
"అంటే?"
పదకొండేళ్ళ అనుభవం నాది.
జవాబు రాలేదు.

అలాగని అన్నీ తీసిపారేసి
తెల్లగోడలా వదిలెయ్యడమే గొప్పంటే ఒప్పుకోను.
ఎల్లాజీ బోటు క్యాబిన్లో ఇరవై ఏడు స్విచ్చులు,
కొన్నిటికి కూతురి గోళ్ళరంగుతో చుక్కలు.
చీకట్లో, తుపాను గాలిలో, చూడకుండా వేస్తాడు.
అతనికి కష్టమైంది ఇరవై ఏడు కాదు.
పోయిన నెల అప్‌డేట్ అని చెప్పి
జీపీఎస్‌లో ఒక్క మీటని కుడి నుంచి ఎడమకి మార్చారు:
"రాత్రికి రాత్రి ఎవడో నా వంటింట్లోకి దూరి
ఉప్పుడబ్బా దాసేసినట్టుంది."

అవతల డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
ఇక్కడ దాని గురించి ఒక మంచి వాక్యం రాయొచ్చు.
రాయను.
అక్కర్లేని చోట మెరిసేదాన్ని
చాలాకాలం అమ్ముకున్నాను.

ఈసారి బటన్ అరచెయ్యంత చేశాను.
వెంటనే రెండోసారి తగిలితే లెక్కలోకి రాదు.
"తీసెయ్" అని రాశాను.
తీసేశాక అక్కడే "మళ్ళీ పెట్టు".
మా ఆఫీసులో మొహాలు చిట్లించారు,
మొరటుగా ఉందన్నారు. ఉంది.

మళ్ళీ అదే హార్బర్, అదే చీకటి.
దేవుడమ్మ ఓ బేరగాణ్ణి తిడుతూ,
ఇంకొకడికి చిల్లరిస్తూ,
మధ్యలో ఎప్పుడు నొక్కిందో తెలీదు.
లెక్క సరిగ్గా పడింది.
బాగుందని అనలేదు. అసలు తెర వైపే చూడలేదు.
నేను మాత్రం మెచ్చుకోలు కోసం
అక్కడే నిలబడి ఉన్నాను.

"పక్కకి జరగమ్మా,
గంప దించాల."